తుంటిల మేకు

మా ఆయన కింద కూసునుడు బందు పెట్టిండన్న సంగతి నేను సానా ఆలస్యంగ పట్టిన. ముందుగాల అన్నం మంచం మీద కూసుండి తినుడు షురూ చేసిండు. ఏందయ్యా అంటే "ఈడ ఫ్యాను గాలి మంచిగొస్తుంది" అన్నడు. దేవుని ముంగట గూడ నిలవడే దండం పెడుతుండు. అదేందంటే "నిలవడితే దేవునికి మంచిగ కనవడుత" అన్నడు. ఎడమకాలు చెప్పు మామూలుగనే తొడుక్కుంటడు, కుడికాలు చెప్పుకు మాత్రం గోడ పట్టుకోని, బొటనవేలితోని దాన్ని దేవులాడుకుంట నానా తిప్పలు పడుతడు. గిన్ని ఎత్తులు ఏసేబదులు తుంటి నొస్తుందని ఒక్క మాట చెప్తే అయిపోవు గదా! మొగోళ్ళకు నొప్పి ఓర్చుకునుడు తేలిక, నొప్పి ఉన్నదని పెండ్లానికి చెప్పుడే కష్టం.

మాది సిద్దిపేటల ఎరువుల దుకాణం. తొగుట, మిరుదొడ్డి దిక్కు రైతులు మా దగ్గరికే వస్తరు. వయసుల ఉన్నప్పుడు హమాలీ రాకుంటే బస్తాలు ఈయననే ఎత్తుతుండె. ఇప్పుడు బస్తాలు ఎత్తుత లేడు గని, వచ్చినోళ్ళను కూసోబెట్టి నీతులు చెప్తుండు. ఒక రైతు బర్రె పాలు తగ్గినయని దాని మెడకు తాయెత్తు కట్టిండట. ఆ మనిషిని గంటసేపు కడిగిండు మా ఆయన. "తాయెత్తు కడితే పాలొస్తయారా? దానా పెట్టు, డాక్టర్‌కు చూపియ్యి" అని. చేన్ల దిష్టిబొమ్మ పెట్టినోన్ని వదలడు, దుకాణాలకు గుమ్మడికాయ కట్టినోన్ని వదలడు. బజారంతట ఆయనకు మూఢనమ్మకాలు లేని మనిషని పేరు. చెప్పేవి శ్రీరంగనీతులు! ఆ మనిషి మొలతాడుకు ఒక వెండి తాయెత్తు ఏలాడుతుందన్న ముచ్చట నాకు, ఆయన లుంగీకి తప్ప మూడో ప్రాణికి తెల్వది. చిన్నప్పుడు జరం తగ్గకుంటే మా అత్త కట్టిందట. నేను కాపురానికి వచ్చిన నాటి సంది చూస్తున్న, తానం చేసినా తియ్యడు, దవాఖానకు పోయినా తియ్యడు. నేను ఏనాడు ఎవ్వలికి చెప్పలే. నా నోరు పెద్దదని అందరంటరు గని, గా నోట్ల ఎన్ని దాగున్నయో వాళ్ళకేం ఎరుక.

సరే, తుంటి నొస్తే మందు రాసుకుంటడు, ఊకుంటమనుకుందాం. గని అప్పటికే మా బిడ్డ లగ్గం కుదిరింది. ఒక్కతే బిడ్డ. లగ్గమంటే వంటలు వండెటోళ్ళు వండుతరు, పిలిచెటోళ్ళు పిలుస్తరు, పీటల మీద మాత్రం కన్నోళ్ళే కూసోవాలె. నేను నీళ్ళు పోస్తుంటే ఆయన అల్లుని కాళ్ళు కడగాలె. బిడ్డ చెయ్యి తీసి ఆ పిల్లగాని చేతిల పెట్టాలె. పిల్లను పెంచిందంతా గా ఒక్క గడియ కోసమేనేమో అనిపిస్తది నాకు. ఇగ ఈయనతోని కింద కూసునుడు కాకపోతే ఏమైతది? మా దిక్కు పద్ధతి ఏందంటే, తండ్రితోని కాకుంటే చిన్నాయన కూసుంటడు. చిన్నాయన కూసుంటే పక్కపొంటి చిన్నమ్మ కూసుంటది. అంటే నా బిడ్డ లగ్గంల, నా జాగల, నా యారాలు! నేనేమో వెనక నిలవడి అక్షింతలు ఏసుకుంట చూడాలె.

మా యారాలు సంగతి చెప్పాలె. మరిది, యారాలు మా పక్క పోర్షన్లనే ఉంటరు. మరిది ఇస్తిరి తెల్లబట్టలేసి లీడర్ల వెంట తిరిగే మనిషి, ఆయనకు ఊరందరి పనులే సొంత పనులు. యారాలు మెత్తటి మనిషి, మాట గూడ మెత్తగనే ఉంటది, కోసినట్టు తెల్వది, నెత్తురు కారినంకనే తెలుస్తది. నా దగ్గర గిన్నెడు చక్కెర తీస్కపోయి, తిరిగిచ్చేటప్పుడు "అక్కా, మీ చక్కెర జర తడి ఉండె, నేను ఎండిందే తెచ్చిన" అంటది. ఇగ ఆమె నా జాగల కూసుంటే, ఆ తర్వాత ఎన్నేండ్లు ఆ ముచ్చట మెత్తమెత్తగ వినాలెనో!

మా బిడ్డ ఒకటే అన్నది, "అమ్మా, గింత దానికి పరేషాన్ ఎందుకు, కుర్చీలేసుకోండ్రి" అని. నాకు మండింది. "కుర్చీల మీద కూసునేది మీటింగులకు వచ్చినోళ్ళు. కన్నోళ్ళు పీట మీద కూసోవాలె" అన్న. మొండిదంటరు నన్ను. అననీ.

ఇగ నేను ఏం చేసిన్నంటే, అటక మీది పీట దింపి, పొద్దుగాల చాయ్ తాగంగనే ఈయనతోని కూసునుడు ప్రాక్టీసు చేయిపిచ్చుడు మొదలుపెట్టిన. ఆయన దిగుడు చూడాలె మీరు! బీరువా పట్టుకోని కొంచెం దిగుతడు, ఆడ జర ఆగుతడు. కుర్చీ కోడు పట్టుకోని ఇంకొంచెం దిగుతడు. అటెన్క కండ్లు మూసుకోని దబ్బున పడుతడు. సక్లముక్లం పెట్టుకొమ్మంటే ఎడమకాలు మడుస్తది గని కుడి మోకాలు మాత్రం గద్దెమీది లీడర్ లెక్క పైకే లేచి ఉంటది. నేను దాన్ని రెండు చేతులతోని కిందికి ఒత్తితే "ఓ యవ్వా!" అని ఒర్రుతడు. లేపుడు ఇంకో కథ. ఒకనాడు రెండు చేతులు పట్టి గుంజిన్నో లేదో, ఇద్దరం కలిసి పడ్డం. ఆ చప్పుడుకు యారాలు వాకిట్లకు వచ్చింది.

"ఏందక్కా, ఏదో పడ్డట్టయింది?"

"బియ్యం బస్తా" అన్న.

ఆమె నన్ను చూసింది, నేల మీద ఎల్లెలుకల పండుకున్న మా ఆయనను చూసింది. "బావ కింద పండుకున్నడేంది?"

"నేల సల్లగుంటదని" అన్నడు మా ఆయన, కండ్లల్ల నీళ్ళు తిరుగుతుంటే. ఆమె మెత్తగ నవ్వి పోయింది. తెల్లారే ఈయనను తోలుకోని బొక్కల డాక్టర్ దగ్గరికి పోయిన.

డాక్టరు కాలు అటు తిప్పి ఇటు తిప్పి ఎక్స్‌రే రాసిండు. ఎక్స్‌రే తీసేటాయన "నడుముకు గొలుసులు, తాయెత్తులు, ఏమన్న ఉంటే తియ్యాలె" అన్నడు. మా ఆయన ఛాతీ ముంగటికి పెట్టి, "అసొంటియి నాకు నమ్మకం లేదు" అన్నడు. నాకు నవ్వొచ్చి కొంగు నోట్ల పెట్టుకున్న. ఆ బల్ల మీద పండుకునేటప్పుడు చెయ్యి లోపలికి పోనిచ్చి, మెల్లగ తాయెత్తును ఎనకకు జరుపుకున్నడు. దాస్తున్ననని ఆయన లెక్క. అది జరిగి జరిగి పొయ్యి కుడి తుంటి కిందనే ఆగింది.

డాక్టరు ఆ ఫిల్మును లైటు బోర్డుకు తగిలిచ్చి మాకు చూపెట్టిండు. తెల్లగ బొక్కలు. రెండు దిక్కుల గిన్నె అసొంటి గుంతల గుండ్రటి బొక్క కూసోని ఉంది. ఎడమ దిక్కు గిన్నెకు గుండుకు నడుమ నల్లటి సందు మంచిగ కనవడుతుంది. కుడి దిక్కు ఆ సందు సన్నవడి సన్నవడి, మీది భాగంల లేనే లేదు, బొక్కకు బొక్క ఆనింది. "ఈ సందుల గుజ్జు ఉంటది. బొక్కలు రాసుకోకుంట కాపాడేది అదే. ఎక్స్‌రేల గుజ్జు కనవడది, సందును బట్టి అంచనా కట్టాలె. వయసు మీద పడ్డంక అరుగుతది, మీకు జర ఎక్కువ అరిగింది" అన్నడు. అని, తుంటి మీద తళతళ మెరిసే దాని మీద వేలు పెట్టిండు. బొక్క కన్న తెల్లగ, చిటికెన వేలు మందం, ఒక కొసకు టోపీ. "మరి ఇదేంది?"

మా ఆయన పైకప్పు దిక్కు చూసిండు. "ఏమో సారూ."

డాక్టరు నా దిక్కు చూసిండు. నేను ఫ్యాను దిక్కు చూసిన. డాక్టర్‌కు సమజైనట్టే ఉంది, మీసాలల్ల నవ్వుకున్నడు. "సరే, ఎమ్మారై తీయిద్దాం. అందుల గుజ్జు, కండ, నరం అన్నీ తెలుస్తయి. గని గిసొంటియి పెట్టుకోని ఆ మిషిన్లకు పోవద్దు" అన్నడు.

మా దిక్కు ఎక్స్‌రే అంటే డాక్టర్ ఒక్కడు చూసేది కాదు. వాడకట్టంతా చూడాలె. పలకరియ్యడానికి వచ్చినోళ్ళు చాయ్ కన్న ముందుగాల ఫిల్మే అడుగుతరు. మేం ఇంట్ల కాలు పెట్టినమో లేదో మరిది ఆ కవరు గుంజుకోని, ఫిల్ము తీసి కిటికీకి ఆనిచ్చిండు. అందరం గుమిగూడినం. మరిది ఒక్కపారి గట్టిగ అన్నడు:

"అన్నా! నీ తుంటిల మేకున్నదే!"

"అమ్మో!" అని యారాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎదురింటి ముసలమ్మ కండ్లద్దాలు సర్దుకోని చూసి, "మేకే. ఎవ్వలో గిట్టనోళ్ళు కొట్టిపిచ్చిన్రు. నేను చెప్తనే ఉన్న, లగ్గం కుదరంగనే దిష్టి తీయిమని" అన్నది. నేను నోరు తెరిచిన. తెరిచిన్నో లేదో, మా ఆయన తువ్వాల చాటుకెల్లి నా చెయ్యి గట్టిగ పట్టుకోని నొక్కిండు. చెప్పకు, అని. చెప్తే రేపు బజార్ల తల ఎట్ల ఎత్తుకుంటడు? బర్రె రైతుకు ఏం మొఖం చూపెడుతడు? నేను తెరిచిన నోరు మూసిన. నా జన్మల అంత కష్టమైన పని ఇంకోటి లేదు.

మరిది ఆ ఫిల్మును ఫోన్ల ఫోటో కొట్టి చుట్టాలందరికి పంపిండు. ఇగ చూడుండ్రి, ఫోన్లే ఫోన్లు! "తుంటిల మేకు దిగిందట గదా, ఎప్పుడు దిగింది?" అని ఒకలు, "చిన్నప్పుడు బండి మీదికెల్లి పడ్డడు, గప్పటిదే" అని ఇంకొకలు. వర్గల్ సరస్వతమ్మకు మొక్కుకున్న అని మా చిన్నత్త ఏడ్సింది. సదువులతల్లికి మేకుతోని ఏం పనో నాకు ఇప్పటికి తెల్వది. దుకాణంల అయితే ఆ బర్రె రైతే వచ్చిండట. "సేటూ, మా ఆవు మేకు మింగితే డాక్టరు అయస్కాంతం మింగిపిచ్చిండు. మీరు గూడ అడిగి చూడుండ్రి" అన్నడట. మా ఆయన ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆయన మొఖం చూస్తే జాలే, తాయెత్తు యాదికొస్తే నవ్వే.

నవ్వు గా పొద్దు వరకే. తెల్లారి మరిది వచ్చి, నా ఎదురుంగ కూసోని, ఓట్లు అడిగేటప్పటి గొంతుతోని అన్నడు. "వదినె, అన్న గసొంటి మేకు పెట్టుకోని పీటల మీద ఎట్ల కూసుంటడు? నువ్వు ఫికర్ చెయ్యకు. మేమున్నం గదా!"

మేమున్నం గదా! ఆయన మంచికే అన్నడో ఏమో. గని అదే వారం యారాలు మంచి చీర కట్టుకోని, పెద్ద సంచి పట్టుకోని రోజుకోపారి బయటికి పోవుడు చూస్తున్న నేను. యాడికంటే "టైలర్ దగ్గరికక్కా" అంటుంది. ఎందుకంటే చెప్పదు. నాకు తెల్వదా? పీటల మీదికి జాకెటు కుట్టిపిచ్చుకుంటుంది! నేను మా ఆయన దుప్పటి గుంజిన. "లేవుండ్రి. ఎమ్మారైకి పోతున్నం. మేకు లేదు మన్ను లేదని కాయితం మీద రాయించుకోని వస్త" అన్న.

స్కానింగు సెంటర్ల అడుగుపెట్టంగనే నా కాళ్ళు ఆగినయి. బెంచీ మీద మరిది, యారాలు! ఆమె నన్ను చూడంగనే చేతులున్న పెద్ద కవరును వీపు ఎనకకు దాసింది. ఇగ నేను ఆగుతనా? "ఏందీ, మేకు ఖాయమో కాదో చూసుకోని పీటలు ఖాయం చేసుకుందమని వచ్చిన్రా? నేనింకా సావలే! నా బిడ్డకు నీళ్ళు నేనే పోస్త!" అన్న. హాలంతా మా దిక్కే చూసింది. మరిది "అట్ల కాదు వదినె" అన్నడు. యారాలు నోరు తెరవలే, కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంది. నాకు అప్పుడే జర తేడా కొట్టింది. ఆ మెత్తటి నాలుకకు మాట రాకపోవుడు నేనెన్నడు చూడలే.

గంతల్నే లోపటి పిల్లగాడు మమ్ముల పిలిచిండు. పాత ఎక్స్‌రే ఇయ్యమన్నడు, ఇచ్చిన. దాన్ని ఎత్తి చూసి బెదిరిండు. "బాపూ, మీ తుంటిల మేకున్నది! గిది అయస్కాంతం మిషిను. ఒంట్ల ఇనుమున్నోళ్ళను పండవెట్టం. ముందుగాల ఆపరేషన్ చేయిచ్చి అది తీయిచ్చుకోని రాండ్రి."

ఆపరేషన్ అనే మాటకు మా ఆయన తెల్లవోయిండు. నన్ను చూసిండు, తమ్ముని చూసిండు, బెంచీల నిండ జనాన్ని చూసిండు. అనేది ఆయననే అనాలె. ఆయన మెల్లగ అంగీ పైకి లేపి, మొలతాడు ముంగటికి తిప్పి, తాయెత్తు రెండు వేళ్ళతోని పట్టుకున్నడు.

"మేకు కాదు. తాయెత్తు" అన్నడు.

మరిది పడి పడి నవ్విండు. "అన్నా! నువ్వా! నన్ను ఎన్ని మాటలన్నవే, గుడికి పోతే తిడితివి, నిమ్మకాయ కడితే తిడితివి!" బెంచీల మీదోళ్ళు గూడ నవ్విన్రు. ఒక ముసలాయన అయితే కర్ర కిందపడేసుకున్నడు. మా ఆయన తల ఒంచుకోని నిలవడ్డడు. లోపటి పిల్లగాడు "గింతేనా, దానికేముంది" అని కత్తెర తెచ్చిండు.

కత్తెర చూడంగనే మా ఆయన రెండు చేతులు మొలకు అడ్డం పెట్టుకున్నడు. "కత్తెర వద్దు."

"తాడే గదా బాపూ, ఇంకోటి కట్టుకోవచ్చు."

"తాడు దొరుకుతది. ముడి దొరకది" అన్నడు.

ఆ సంగతి నాకు గూడ ఆనాడే తెలిసింది. ప్రతి దసరాకు మా అత్త ఎవ్వలు చూడకుంట కొత్త మొలతాడు తెచ్చి, పాతది తీసి, ఆ తాయెత్తు ఎక్కిచ్చి తన చేతులతోనే ముడి ఏసేదట. కొడుకుకు గడ్డం నెరిసినా ఆమెనే ఏసేదట. ఆమె పోయినంక ఈయన తాడు మార్చలే. పోగులు పోగులు లేచిన ఆ నల్ల తాడు మీద ఉన్నది ఆమె ఏసిన కడాఖరి ముడి. "నాకు తాయెత్తుల నమ్మకం లేదు. అవ్వ ముడి ఇప్పబుద్ధి కాలే, గంతే" అన్నడు. ఇన్నేండ్లు పక్కల పండుకున్నదాన్ని, నాకెందుకు చెప్పలేదని కోపమొచ్చింది. కోపం కన్న ముందుగాల కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

మరిది నవ్వుడు ఆపిండు. ఆయనకు గూడ అవ్వనే గదా. "అన్నా, నడువు" అని ఈయన భుజం పట్టుకోని బాత్రూంలకు తీస్కపోయిండు. తలుపు పడ్డది. ఇగ లోపటికెల్లి మాటలు:

"సబ్బు పూయిరా."

"పూసిన. ఊపిరి లోపలికి గుంజు."

"గుంజిన."

"ఏం గుంజినవే, బొర్ర అట్లనే ఉంది!"

"ఒరేయ్, కుడి కాలు ఎత్తకురా! సచ్చిన్రో!"

"జర ఓర్సుకో, తుంటి దాటింది, దాటింది... ముడి పైలం..."

బయట ఎవ్వలు నవ్వలే ఈసారి, అందరు తలుపు దిక్కే చూస్తున్నరు. కొంతసేపటికి తలుపు తీసిన్రు. మరిది ఇస్తిరి బట్టలు నీళ్ళోడుతున్నయి, మా ఆయన రొప్పుతుండు. మరిది అరచేతిల సబ్బు నురగల ఆ తాడు, తాయెత్తు. ముడి ముడి లెక్కనే ఉంది. దాన్ని తెచ్చి నా చేతిల పెట్టి, బయటికి పోయి నిలవడ్డడు మరిది.

మా ఆయనను లోపట పండవెట్టి తలుపేసిన్రు. మిషిను దడదడ కొట్టుడు మొదలువెట్టింది, లోపట ఎవ్వలో రేకులు దంచుతున్నట్టు. నాకు భయమైంది, దాసుడెందుకు. మొలతాడు తీసేది మనిషి పోయినంకనే అంటరు మా దిక్కు. నాకు గూడ నమ్మకాలు లేవని ఆయనతోని ఎన్నిసార్లు గొప్పలు కొట్టిన్నో! గా బెంచీ మీద కూసోని, ఆ తడి తాడును పిడికిట్ల పట్టుకోని, యాదికొచ్చిన దేవుళ్ళందరికి మొక్కిన.

యారాలు వచ్చి పక్కకు కూసుంది. కూసునేటప్పుడు బెంచీ అంచు పట్టుకోని మెల్లగ దిగింది. ఆ దిగుడు యాడనో చూసినట్టు అనిపిచ్చింది నాకు. ఆమె వీపు ఎనకకు దాసిన కవరు తీసి నా ఒళ్ళె పెట్టింది.

"నా తుంటి గూడ పోయిందక్కా" అన్నది.

నేను ఫిల్ము తీసి కిటికీకి ఎత్తి పట్టిన. అప్పటికి నాకు సగం డాక్టరు చదువు వచ్చింది గదా. గిన్నె చూసిన, గుండు చూసిన, సందు దేవులాడిన. మా ఆయనకన్న సన్నగుంది.

"కింద కూసోక ఎన్నాళ్ళయిందో నాకే యాదికి లేదు" అన్నది. "ఎవ్వలికి చెప్పలే, ఈయనకు గూడ స్కానింగు రాసినంకనే చెప్పిన. ఈయనేమో అన్నతోని కాకుంటే మనమే కూసోవాలె, మనమే కూసోవాలె అంటుండె. అందరి ముంగట కూసోని లేవకుంటే నా గతేంది? టైలర్ దగ్గరికని చెప్పి బొక్కల డాక్టర్ దగ్గరికి తిరుగుతున్న. మేకు ముచ్చట ఇన్ననాటి సంది నాకు నిద్ర లేదక్కా. బావకు తగ్గాలని నేను మొక్కని దేవుడు లేడు."

ఆమె నా జాగ కోసం కాదు, నా జాగ తన మీద పడుతదేమోనని తిరుగుతుంది! నేనేమో జాకెటు కుట్టిచ్చి పెట్టిన ఆమెకు. నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలే. ఆమె నన్ను చూసి బెదిరింది, అటెన్క ఆమె గూడ కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది. "మరిది ఉన్నడు గదే, ఒక్కన్నే కూసోబెడదాం" అన్న. "ఆయన మోకాళ్ళు చూడలే నువ్వు, మెట్లెక్కితే టకటక చప్పుడైతయి" అన్నది. ఇంత పెద్ద ఖాందాన్ల పీట మీద కూసోని మళ్ళ లేచే తుంటి ఒక్కటి లేదు!

మళ్ళ ఆమెనే అన్నది. "అక్కా, నేను కూరగాయలు స్టూలు మీద కూసోనే కోస్త. నీకు కుర్చీలు వద్దు, పీటలే కావాలె. పీటకే ఎత్తు కాళ్ళు పెట్టిపిస్తే?"

ఆమె నోట్లకెల్లి నాకు పనికొచ్చే మాట రావుడు అదే మొదటిసారి. నేను గూడ అదే మాట ఆమెతోనన్న. ఆమె మెత్తగ, "నువ్వు వినుడు గూడ ఇదే మొదటిసారక్కా" అన్నది.

ఎమ్మారై ఫిల్ములు చూసి డాక్టరు అన్నీ చెప్పిండు. గుజ్జు మీది భాగంల బాగ అరిగింది, అంచుకు ఒక తాన చినిగింది, కీలుల జర నీరు చేరింది. ఇప్పుడే ఆపరేషన్ అక్కెర లేదు. నడువాలె, చెప్పిన కసరత్తు చెయ్యాలె, బొర్ర తగ్గియ్యాలె. "కింద కూసునుడు మాత్రం బందు" అన్నడు. మా ఆయన నా దిక్కు దొంగచూపు చూసిండు, నేను ఒర్రుతనని. "మంచిది సార్" అన్న నేను. ఆయనకు తన తుంటికి గాదు, నా బుద్ధికి ఏమైందోనని భయమైనట్టుంది.

లగ్గం చేసే అయ్యగారిని అడగడానికి నేను, యారాలు కలిసే పోయినం. "అయ్యా, పీటకు ఎత్తుగ కాళ్ళుంటే తప్పా?" అన్న. ఆయన జరసేపు కండ్లు మూసుకున్నడు. "పీట ఉండాలని ఉన్నది గని, ఎత్తు ఇంతనే ఉండాలని యాడ లేదమ్మా" అన్నడు. మేం లేచి వస్తుంటే ఎనకకెల్లి పిలిచి, తన మోకాలు నిమురుకుంట, "ఎట్లాగు చేయిపిస్తున్నరు గదా, అదే ఎత్తుల నాకు గూడ ఒకటి చెప్పుండ్రి" అన్నడు.

మొలతాడు ఒక్కటి మిగిలింది. సబ్బుతోని దిగింది గని సబ్బుతోని ఎక్కలే. అన్నదమ్ములిద్దరు మళ్ళొకపారి బాత్రూంల లడాయి చేసి ఓడిపోయి వచ్చిన్రు. నేను దాన్ని తీసుకోని, ముడికి ఎదురుంగ ఉన్న దిక్కు కోసి, నడుమ కొత్త తాడు అతికిచ్చి, ఆయన మొలకు నా చేతులతోని కట్టిన. ఇప్పుడు ఒక దిక్కు అవ్వ ముడి, ఇంకో దిక్కు నా ముడి. తెల్లారి దుకాణంల బర్రె రైతు "సేటూ, నిజమేనా?" అని అడిగితే, మా ఆయన అంగీ లేపి చూపెట్టిండట. "నిజమే గని, నువ్వు మాత్రం దానా పెట్టు" అన్నడట.

లగ్గంనాడు ఫంక్షన్ హాలుల వడ్లాయన చేసిన ఎత్తుపీటలు ఏసినం. పిల్లకు, పిల్లగానికి, మాకు, అయ్యగారికి, అందరికి ఒక్కటే ఎత్తు. పిల్లగాని కాళ్ళు పెట్టుకోవడానికి ముంగట ఇంకో చిన్న పీట, దాని మీద పళ్ళెం. ముందు వరుసల పెద్దమనుషులు గుసగుస పెట్టిన్రు. అండ్ల ఒక ముసలాయన నడుమ లేచొచ్చి, ఏమంటడో అని నేను బిగపట్టుకుంటే, వడ్లాయన ఇల్లు యాడ అని అడిగి పోయిండు. మరిది మైకు దొరికిచ్చుకోని మా ఎత్తుపీటల మీద చిన్న ఉపన్యాసం ఇయ్యబోతే యారాలు మైకు బందు చేయిపిచ్చింది.

నేను నీళ్ళు పోసిన. మా ఆయన అల్లుని కాళ్ళు కడిగిండు, మొఖం ముడుచుకోకుంట, అమ్మా అనకుంట. బిడ్డ చెయ్యి తీసుకోని ఆ పిల్లగాని చేతిల పెట్టిండు. నేను నీళ్ళు ధార పోసిన. అన్నీ అయినయి. "ఇగ కన్యాదాతలు లేవొచ్చు" అన్నడు అయ్యగారు.

నేను చెంబు పక్కకు పెట్టి లేవబోయిన. ఆయన లేవలే. అల్లుని చేతిల ఉన్న బిడ్డ చెయ్యి దిక్కే చూస్తున్నడు. అయిపోయింది, నలుగుట్ల తుంటి పట్టేసింది! అటు మరిది ఉరికొచ్చి చంకల చెయ్యేసిండు, ఇటు యారాలు కుంటుకుంట వచ్చి బావ చెయ్యి పట్టుకుంది. నేను చెవుల దగ్గర గట్టిగనే అన్న. "లేవుండ్రి, జనం చూస్తున్నరు. పట్టేసిందా? నొస్తుందా?"

ఆయన నా దిక్కు తిరగలే.

"తుంటి మంచిగనే ఉందే" అన్నడు. "లేవబుద్ధి అయిత లేదు."

సగం లేచిన దాన్ని, నేను మళ్ళ పీట మీద కూసున్న. యారాలు మరిది చెయ్యి పట్టి ఎనకకు గుంజింది. అయ్యగారు గడియారం దిక్కు చూసుకోని, మా దిక్కు చూసి, ఏదో ఇంకో మంత్రం అందుకున్నడు.